ఫోన్‌లో డాక్టరుంటే జాగ్రఫీ ఎందుకన్నారు: ఎథిక్స్ కమిటీతో నా అనుభవం

మనుషుల మీద చేసే పరిశోధనల్లో వాళ్లకి హాని జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. టెలిమెడిసిన్, అంటే ఫోన్‌లో, వీడియోలో డాక్టరు చూడటం, వచ్చాక వైద్యం ఎవరికి అందుతోంది, ఎవరికి అందట్లేదు అన్నది మా జాగ్రఫీ ప్రొఫెసర్‌గారి పరిశోధన. అనుమతుల పని నా నెత్తిన పడింది.

ప్రశ్నావళి, సమ్మతి పత్రం, ట్రైనింగ్ సర్టిఫికెట్ అన్నీ ఇట్టే అయిపోయాయి. కమిటీ ముందు కూర్చున్నాకే మొదలైంది.

ఒక పెద్దాయన, డాక్టరే, ఫైలు తిరగేస్తూ "డాక్టరు ఫోన్‌లోనే దొరుకుతుంటే దూరంతో పనేముంది? మీ జాగ్రఫీ వాళ్లకి ఇక్కడేం పనమ్మా?" అన్నారు. పక్కన ఇద్దరు నవ్వారు. తల కొట్టేసినట్టయింది. ఆస్పత్రికి దూరం పెరిగేకొద్దీ వచ్చేవాళ్లు తగ్గుతారని 1850లోనే మానసిక వైద్యశాలల లెక్కలతో చూపించిన ఎడ్వర్డ్ జార్విస్ డాక్టరే కానీ జాగ్రఫీ మనిషి కాదు, ఆ మాట అనేశాను కూడా. సిగ్నల్ నిలవక వీడియో ఆపేసి మాట్లాడితే ఒంటి మీద దద్దుర్లు ఎలా చూస్తారు? ఫోన్‌లో రక్తపరీక్ష రాసిస్తారు సరే, ల్యాబుకి వెళ్లే బస్సు ఎవరు పంపిస్తారు? ఆయన "సరే సరే" అంటూ పేజీ తిప్పేశారు.

తర్వాత ఇళ్ల లొకేషన్ల దగ్గర ఇరుక్కున్నాం. మ్యాపులో చుక్క చూసి ఫలానావాళ్ల ఇల్లని పోల్చుకోరా అన్నారు. ఆ భయం న్యాయమైనదే. కానీ దానికి వాళ్లు చెప్పిన మందు, జిల్లా పేరు ఒక్కటే తీసుకోమని! జిల్లా సగటు తీస్తే ఆస్పత్రి పక్కనున్నవాళ్లూ కొండ అవతలున్నవాళ్లూ ఒకటే రంగులో కలిసిపోతారు, మేం వెతికే తేడాయే కనపడదు. ఆఫీసులో కూర్చుని సలహాలిచ్చేవాళ్లకి సగటు అంటే ఎందుకంత ఇష్టమో.

ప్రతి ఇంటి నుంచీ క్లినిక్‌కి, ల్యాబుకి ఎన్ని నిమిషాలో ముందు లెక్కగట్టి, ఆపైన చుక్కని అటో ఇటో కొంత దూరం జరిపి, అసలు లొకేషన్ చెరిపేస్తామని ప్రతిపాదనలో ముందే ఉంది. దీన్ని జియోమాస్కింగ్ అంటారు. ఇళ్లు పల్చగా ఉన్నచోట ఎక్కువ జరపాలి, కిక్కిరిసినచోట కొంచెం చాలు. ఎవరైనా చదివితేగా! మళ్లీ పిలిచినప్పుడు ఒకే ప్రాంతానికి మూడు మ్యాపులు పట్టుకెళ్లాను: అసలు చుక్కలు (ఉత్తుత్తివే), జరిపినవి, జిల్లా సగటు. మూడోది మొత్తం ఒకే లేత పసుపు. పెద్దాయన రెండోదాని మీద వేలు పెట్టి "ఈ ఎర్ర మచ్చేంటి?" అన్నారు. సిగ్నలూ లేదు, ల్యాబూ లేదు సార్ అన్నాను. ఇక లొకేషన్ల ఊసెత్తలేదు. మీరూ వెళ్తుంటే మ్యాపులు ఫైలు మొదట్లోనే పెట్టండి, మీ పేరాలు ఎవరూ చదవరు.

పోతూ పోతూ ఒకాయన సర్వే ఆన్‌లైన్ ఫారంతో కానిచ్చేయమన్నారు. ఇంటర్నెట్ లేనివాళ్ల గురించిన సర్వే! ఇంటింటికీ వెళ్లి అడగడానికి ఒప్పించేసరికి నా గొంతు పోయింది. ఇంకా కాల్ రికార్డులకి ఆస్పత్రుల సంతకాలు మిగిలాయి. వాటికి ప్రొఫెసర్‌గారినే వెళ్లమన్నాను.