ఎక్స్‌రేకు అందనివి

తొడ ఎముకలో రాడ్ వేయించుకొని 14 నెలలు గడిచాయి. ఇప్పుడు చేతికర్ర లేకుండా నడవగలుగుతున్నాను కనుకనే ఈ సంగతులు నిలకడగా రాయగలుగుతున్నాను.

ప్రమాదం, అంబులెన్సు, మత్తుమందు గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఎముక నడిమధ్య విరిగింది. మరునాడు తుంటి దగ్గర చిన్న కోత పెట్టి, ఎముక బోలులోకి పొడవాటి రాడ్ దించి, పైనా కిందా స్క్రూలతో బిగించారు. 1939లో కుంట్షర్ అనే జర్మన్ సర్జన్ ఈ పద్ధతికి దారి వేశాడని, అంతకుముందు ఇటువంటి రోగులు కాలికి బరువులు వేలాడదీసుకొని వారాల తరబడి మంచం మీదే ఉండవలసి వచ్చేదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ మేలును నేను కాదనడం లేదు.

ఆపరేషన్ జరిగిన మరునాటి రాత్రి నాకు ఊపిరి అందలేదు. నాకు గుర్తున్నది అంతవరకే. మిగిలినదంతా తమ్ముడు చెప్పగా విన్నది. వాడిని ఎవరని అడిగానట, పైపులు పీకేయబోయానట. పిలిస్తే వచ్చిన కుర్ర డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకెత్తి చూసి, "రాడ్ చక్కగా కూర్చుంది. మీ అన్నయ్యకు భయం ఎక్కువ, నిద్రమాత్ర వేస్తే సర్దుకుంటుంది" అన్నాడట. ఆ మాత్ర నా నోటిదాకా రాకుండా ఆపింది ఒక సిస్టర్. చొక్కా తొలగించి చూస్తే ఛాతీ మీదా చంకల్లోనూ సూదితో పొడిచినట్లు ఎర్రటి చుక్కలు కనిపించాయి, కింది కనురెప్ప లోపల కూడా అవే ఉన్నాయి. వేలికి క్లిప్పు తగిలిస్తే ఆక్సిజన్ 82 చూపించింది.

విరిగిన ఎముక మజ్జలోని కొవ్వు బొట్లు రక్తంలోకి చేరి ఊపిరితిత్తుల్లోనూ మెదడులోనూ చిక్కుకోవడం వల్ల ఇలా అవుతుందని, సాధారణంగా దెబ్బ తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లోపు బయటపడుతుందని, రాడ్ కోసం ఎముక లోపల తొలిచేటప్పుడు కూడా కొవ్వు రక్తంలోకి పోవచ్చని ఐసీయూలో వివరించారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, ఆక్సిజన్ ఇస్తూ శరీరం తేరుకునేదాకా కాపాడుకోవలసిందే. నాలుగు రోజులు అలాగే గడిచాయి. నిద్రమాత్ర మాట అన్న ఆ కుర్రవాడే మొదటి రాత్రి తెల్లవారేదాకా నా పక్కనుంచి కదలలేదని తమ్ముడు చెప్పినప్పటినుంచి అతని మీద కోపం నిలుపుకోవడం నాకు చేతకావడం లేదు.

పెద్ద సర్జన్ విషయం వేరు. నెల తరువాత పడుకుంటే కుడి పాదం గడియారం ముల్లులా పక్కకు తిరిగిపోయి ఉండటం గమనించి ఆయనకు చూపించాను. ఆయన నా కాలు చూడలేదు, ఎక్స్‌రే చూసి, "ఎముక నిటారుగా ఉంది. నడిచేకొద్దీ అదే సర్దుకుంటుంది" అన్నారు. ఎముక నిటారుగా ఉండి కూడా మెలితిరిగి అతుక్కోవచ్చని, మామూలు ఎక్స్‌రేలో అది తేలికగా పట్టుబడదని, పెద్దవాళ్లలో ఆ మెలిక తనంతట తాను పోదని ఆయనకు తెలియదని నేను నమ్మను. మరో చోట రెండు కాళ్లకూ సీటీ స్కాన్ తీసి కొలిస్తే తేడా 24 డిగ్రీలు వచ్చింది. 15 దాటితే నడక మీద ప్రభావం పడవచ్చన్నారు. ఎముక ఇంకా గట్టిపడలేదు కనుక రాడ్ తీయకుండానే మోకాలి వైపు స్క్రూలు విప్పి, కాలిని సరిచేసి మళ్లీ బిగించారు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే అతికిన ఎముకను కోయవలసి వచ్చేదట.

కనుక రాడ్ వేయించుకున్నవారు ఇంటికి వెళ్లేలోపే, వెల్లకిలా పడుకొని రెండు పాదాలూ రెండు మోకాలిచిప్పలూ ఇరువైపులా ఒకే తీరుగా తిరిగి ఉన్నాయో లేదో ఎవరిచేతనైనా చూపించుకోండి, తేడా ఉంటే కొలిచి చూడమని గట్టిగా అడగండి. అమ్మ ఇదంతా దైవకృప అంటుంది. ఆ సిస్టర్ చొక్కా తొలగించి చూసిన క్షణాన్ని తలచుకున్నప్పుడు నేను అమ్మతో వాదించను.

రాడ్ దించిన చోట తుంటి కండరాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి, మెట్లెక్కితే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. ఎడమ వైపుకు పడుకొని కుడి కాలు పైకెత్తే వ్యాయామం రోజూ చేస్తున్నాను. పదితో మొదలుపెట్టినది నిన్నటికి నలభైకి చేరింది.