శ్రీకాకుళం నుంచి పూరీకి బ్యాటరీ బండి: నా నోట్‌బుక్కులోని లెక్కలు

పూరీ జగన్నాథుణ్ణి చూడాలని అమ్మ అడిగి మూడేళ్లయింది. రైల్లో వెళ్దామంటే మోకాళ్ల నొప్పులతో స్టేషన్ మెట్లు ఎక్కలేదు. కారులో వెళ్దామంటే మాది బ్యాటరీ బండి. శ్రీకాకుళం నుంచి పూరీ ఇంచుమించు 375 కిలోమీటర్లు. మా బండి ఒక్క చార్జింగుకి 220 వెళ్తే అదే ఎక్కువ. అందుకే మూడు నెలల పాటు ఆదివారాలు పెట్టి బండిని బాగా తెలుసుకుని, అప్పుడు బయల్దేరాం. మన జిల్లా నుంచి ఇలాంటి బండితో దూరం వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తాయని నోట్‌బుక్కులో రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

ముందు బండి సంగతి. 2021 నాటి నెక్సాన్ ఈవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అన్నా, మన కరెంటు బిల్లులో యూనిట్ అన్నా ఒకటే కాబట్టి ఇక మీదట యూనిట్లు అనే రాస్తాను. బండ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏఆర్ఏఐ సంస్థ పరీక్షలో, ఒక్క చార్జింగుకి ఈ మోడల్‌కి వచ్చింది 312 కిలోమీటర్లు. హైవే మీద ఆ అంకె నమ్ముకుని బయల్దేరకూడదు. ఇంట్లో 3.3 కిలోవాట్ల మీద ఎక్కుతుంది, అంటే గంటకి సుమారు పది శాతం. హైవే ఫాస్ట్ చార్జర్ దగ్గర 25 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది.

నేను మొదట వెతికింది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఊళ్లో కాలేజీకి, మార్కెట్‌కి ఇంటి కరెంటు మీద తిరగడం, దూరం వెళ్తే పెట్రోలు మీద పోవడం. అమెరికాలో మా తమ్ముడు నడిపే ప్రియస్ ప్రైమ్ అలాంటిదే, 13.6 యూనిట్ల బ్యాటరీ, దానికి తోడు పెట్రోలు ఇంజిను. మన దగ్గర మా బడ్జెట్‌లో అలాంటిది దొరకలేదు. హైరైడర్, గ్రాండ్ విటారాల్లో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరే రకం. దాని బ్యాటరీ ఒక్క యూనిట్ కూడా ఉండదు, బయట నుంచి చార్జింగ్ పెట్టడానికి సాకెట్ ఉండదు. మా వాడకంలో నూటికి తొంభై రోజులు ఊళ్లోనే కాబట్టి పూర్తి బ్యాటరీ బండికే మొగ్గాం.

నవంబరు, రెండు ఆదివారాలు: పలాస

ఇంటి దగ్గర నూరు శాతం పెట్టుకుని, ఉదయం ఆరింటికి పలాస దాకా వెళ్లొచ్చాను. 75 కిలోమీటర్లు. మొదటి ఆదివారం స్పీడోమీటరు ముల్లు 80 దాటనివ్వలేదు. 33 శాతం ఖర్చయింది. రెండో ఆదివారం అదే సమయానికి, అదే రోడ్డు మీద, టైర్లలో అదే గాలితో, నరసన్నపేట దాటాక వీలైనంత సేపు 100 మీద ఉంచాను. 44 శాతం అయింది. తిరుగు ప్రయాణం రెండుసార్లూ 80 మీదే, 30 శాతానికి అటూ ఇటూ. వెళ్లేటప్పుడు రెండు మూడు శాతం ఎక్కువ పోయిందంటే అది ఈశాన్యం నుంచి వచ్చే ఎదురుగాలి. కార్తీకంలో ఈ గాలి మనకి తెలిసిందే కదా.

కాలేజీలో పాఠం చెప్పే లెక్కే ఇది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కానీ నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకో లెక్క. 100 మీద వెళ్తే పలాసకి పది నిమిషాలు ముందు చేరాను. అదనంగా పోయిన 11 శాతం అంటే 3.3 యూనిట్లు. వాటిని ఫాస్ట్ చార్జర్ దగ్గర తిరిగి ఎక్కించడానికి దాదాపు తొమ్మిది నిమిషాలు పడుతుంది. రోడ్డు మీద మిగిల్చిన పది నిమిషాలూ చార్జర్ దగ్గర కూర్చోవడానికే పోతాయి, దానికి యూనిట్‌కి ఇరవై రూపాయల పైన కట్టాలి. ఆ రోజే పేజీ పైన పెద్ద అక్షరాలతో 80 అని రాసుకున్నాను. పూరీ ట్రిప్పు మొత్తం ఆ అంకె మీదే నడిచింది.

డిసెంబరు: అరకు

విజయనగరంలో మా అక్కయ్య ఇంటి దగ్గర రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున్నే ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాం. ఘాట్ రోడ్డు మీద బండి ఎంత తాగుతుందో, దిగేటప్పుడు ఎంత తిరిగి ఇస్తుందో చూడాలని.

వెళ్లేటప్పుడు 54 శాతం, వచ్చేటప్పుడు 29 శాతం. బండి, ముగ్గురు మనుషులు, సామాన్లు కలిపి 1,600 కిలోలు. ఎస్.కోట నుంచి అరకు సుమారు 850 మీటర్ల ఎత్తు. అంత బరువుని అంత ఎత్తుకి ఎక్కించడానికే 3.7 యూనిట్లు కావాలి, బ్యాటరీలో అది 12 శాతం. పైగా గాలికొండ దగ్గర రోడ్డు అరకు కంటే ఎత్తుకి ఎక్కి దిగుతుంది. వచ్చేటప్పుడు గాలికొండ మలుపు దాటాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. మోటారే బ్రేకులా పట్టుకుని, డాష్‌బోర్డు మీద పచ్చ గీతలు ఒక్కొక్కటే వెలగడం మొదలుపెట్టాయి. కింద అనంతగిరి ఘాట్ అయ్యేసరికి, ఆ మలుపు దగ్గర ఉన్నదానికంటే నాలుగు శాతం ఎక్కువే ఉంది. పక్క సీట్లో అక్కయ్య "ఇదేటిరా, నడుస్తుంటే నిండుతోంది" అని రెండుసార్లు అడిగింది. బ్రేకు తొక్కింది మలుపుల్లో ఎదురుగా బస్సులు వచ్చినప్పుడే.

ఒక జాగ్రత్త చెప్పాలి. అరకులో రాత్రి ఉండి, నూరు శాతం నింపుకుని దిగొద్దు. నిండిన బ్యాటరీలోకి కరెంటు తీసుకోదు కాబట్టి మోటారు బ్రేకింగ్ సరిగ్గా పట్టదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొండ మీద 85 దగ్గర ఆపేయడం మంచిది.

జనవరి: సామాన్ల పెట్టె

బట్టల కంటే ముందు సర్దింది ఈ పెట్టె. బండితో వచ్చిన చార్జింగ్ కేబుల్. పది మీటర్ల ఎక్స్‌టెన్షన్, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో ఇక్కడే ఎలక్ట్రికల్ షాపులో దగ్గరుండి చేయించాను. షాపాయన 2.5 చాలన్నాడు. మిక్సీకైతే చాలు, కానీ 14 ఆంపియర్లు ఏడెనిమిది గంటలు ఆగకుండా లాగితే వైరు వేడెక్కుతుంది. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి నేల మీద పరచాలి. చుట్ట మీదే ఉంటే వేడి లోపలే ఉండిపోయి పైతొడుగు కరిగే ప్రమాదం ఉంది. ఇంకా సాకెట్‌లో పెట్టి ఎర్తింగ్ చూసే చిన్న టెస్టర్, టెస్ట్ స్క్రూ డ్రైవర్, గాలి నింపే చిన్న పంపు, నాలుగు చార్జింగ్ యాప్‌లలో ముందే వేసి ఉంచిన మూడేసి వందలు. నెట్‌వర్క్ సరిగ్గా లేని చోట నిలబడి యూపీఐతో డబ్బులు వేయడానికి ప్రయత్నించడం అంత టెన్షన్ ఇంకోటి లేదు.

పూరీలో లాడ్జి బుక్ చేసేటప్పుడు అడిగింది రెండే: కింది గదా, పార్కింగ్ దగ్గర 16 ఆంపియర్ల సాకెట్ ఉందా. మూడు లాడ్జిలవాళ్లు వద్దన్నారు. నాలుగో ఆయన తెలుగులోనే మాట్లాడి, యూనిట్ లెక్కన ఇస్తే చాలన్నారు.

సంక్రాంతి వెళ్లిన రెండో శుక్రవారం

ఉదయం 5.00. నూరు శాతం. నేను, మా ఆవిడ, అమ్మ. టైర్లలో 35 పీఎస్ఐ. మడపాం టోల్ దగ్గర వంశధార మీద మంచు కమ్మేసి ఉంది, ముందు లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. టెక్కలి దాకా 60 మీదే.

7.45. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాం. 42 శాతం.

8.15. బరంపురం బైపాస్, 160 కిలోమీటర్లు, 31 శాతం. ఇక్కడ ఒక చార్జర్ అనుకున్నాను. యాప్‌లో ఖాళీగా, పనిచేస్తున్నట్టు చూపిస్తోంది. గన్ (చార్జర్ నుంచి బండికి తగిలించే ప్లగ్) పెడితే తెర మీద ఎర్ర అక్షరాలు. తీసి పెట్టాను, ఎమర్జెన్సీ బటన్ నొక్కి వదిలాను, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అటు నుంచి రీస్టార్ట్ చేశారు. ఇరవై నిమిషాలు పోయాయి, కరెంటు మాత్రం ఎక్కలేదు. అమ్మ వెనక సీట్లో నుంచి, "ఏటిరా నాయనా, వెళ్లగలమా? లేపోతే ఇంటికి వెళ్లిపోదుమా?" అంది. ఆవిడ గొంతులో భయం విని నాకు కష్టంగా అనిపించింది.

అయితే ఇలాంటి దానికోసమే లెక్క వేసుకుని వచ్చాను. నా నియమం ఏమిటంటే, మొదటి చార్జర్ పాడైనా రెండోదానికి చేరేంత ఎప్పుడూ మిగలాలి. ముందుకి ముప్ఫై కిలోమీటర్ల లోపు ఇంకోటి ఉందని రాసుకున్నాను. అందులో ఆ పొద్దున్నే ఎవరో చార్జింగ్ పెట్టుకున్నట్టు కూడా యాప్‌లో కనిపించింది. చార్జర్ ఉందా లేదా అన్నదాని కంటే, చివరిసారి ఎప్పుడు పనిచేసిందన్నదే చూసుకోవాలి. 70 మీద నింపాదిగా వెళ్లి 19 శాతంతో చేరాం. గన్ పెట్టగానే లోపల కరెంటు కలిపే స్విచ్, కాంటాక్టర్, టక్కుమన్న చప్పుడు, ఆ వెంటనే కూలింగ్ ఫ్యాన్ మోత. అమ్మ దండం పెట్టుకుంది.

19 నుంచి 85 దాకా, సరిగ్గా గంట. తెచ్చుకున్న ఇడ్లీలు అక్కడే తిన్నాం. 80 దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. చివరి పదిహేను శాతం కోసం కూర్చోవడం కంటే బయల్దేరి, తర్వాత చోట ఇంకో పావుగంట ఆగడం మేలు.

రంభ దగ్గర కుడి పక్కన చిలికా సరస్సు కనిపిస్తుంది. ఆ నీళ్లు చూడగానే అమ్మ పొద్దుటి సంగతి మర్చిపోయింది.

ఖుర్దా దగ్గర ఇరవై అయిదు నిమిషాలు, 37 నుంచి 65. పూరీ చేరేసరికి మధ్యాహ్నం 1.50, మిగిలింది 35 శాతం.

రాత్రి, లాడ్జి

ఇది కాస్త వివరంగా రాయాలి. గదిలో ఏసీ పాయింటు నుంచి కిటికీ గుండా వైరు లాగి పెట్టాను. కేబుల్ పెట్టె మీద ఎర్ర లైటు. టెస్టర్ పెట్టి చూస్తే ఆ సాకెట్‌కి ఎర్తింగ్ లేదు, మూడో రంధ్రం ఊరికే ఉంది. అలాంటప్పుడు ఈ కేబుల్ చార్జింగ్ మొదలుపెట్టదు, అది మన మంచికే. కొందరు ఎర్తుని న్యూట్రల్‌కి కలిపేసి పని కానిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే బండి ఒళ్లంతా కరెంటు వస్తుంది.

వాచ్‌మన్‌తో కలిసి ఒక్కో సాకెట్ చూసుకుంటూ వెళ్తే, వెనక నీళ్ల మోటారు గదిలో ఉన్నదానికి టెస్టర్ మీద రెండు పచ్చ లైట్లు వెలిగాయి. బండిని అక్కడికి తెచ్చి, వైరు మొత్తం పరిచి పెట్టాను. మొదటి గంట పావుగంటకోసారి ప్లగ్ మీద చెయ్యి వేసి చూశాను. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టి ఉంచలేకపోతే వెంటనే ఆపేయాలి. పదింటికి పెడితే తెల్లవారి అయిదుకి నూరు.

దర్శనం బాగా జరిగింది. ఆనందబజారులో మహాప్రసాదం తిన్నాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. శనివారం కోణార్క్ వెళ్లొచ్చాం, రానూపోనూ 70 కిలోమీటర్లు, 29 శాతం. ఆ రాత్రి కూడా అదే మోటారు గది. రెండు రాత్రులకి కలిపి 31 యూనిట్లు, నాలుగు వందలిచ్చాను. లాడ్జి ఆయనకి ఏ సాకెట్లకి ఎర్తింగ్ లేదో కాగితం మీద గది నంబర్లతో రాసిచ్చాను. ఆ గదుల్లో గీజర్లు కూడా ఉన్నాయి, బండి సంగతి పక్కన పెట్టినా అది ప్రమాదమే.

ఆదివారం, తిరుగు ప్రయాణం

బాలుగావ్‌లో 40 నుంచి 85. పలాసకి 15 శాతంతో వచ్చాం, ఈ ట్రిప్పులో తక్కువంటే అదే. అమ్మా, మా ఆవిడా కాశీబుగ్గలో జీడిపప్పు బేరం చేసి కొనుక్కుని వచ్చేసరికి 55 అయింది. ఇంటికి సాయంత్రం 5.30, మిగిలింది 22 శాతం.

మొత్తం 820 కిలోమీటర్లు. ఫాస్ట్ చార్జింగ్ 1,220 రూపాయలు, లాడ్జి 400, ఇంటి కరెంటు వెళ్లే ముందూ వచ్చాకా కలిపి 420. అంతా 2,040. లీటరుకి 16 ఇచ్చే పెట్రోలు బండి అయితే 51 లీటర్లు, అయిదు వేలు దాటేది. టోల్ ఎవరికైనా ఒకటే. సమయం మాత్రం పెట్రోలు బండి కంటే పోనూ గంటన్నర, రానూ గంటన్నర ఎక్కువ పట్టింది. అమ్మకి ఎలాగూ రెండు గంటలకోసారి దిగి కాళ్లు సాగదీయాలి కాబట్టి ఆ సమయం మాకు బరువు కాలేదు. ఒక్కరే, తొందర పని మీద వెళ్లేవాళ్లకి ఇది సరిపడదని చెప్పడమే న్యాయం.

పెట్టెలో మార్చాల్సినవి రెండు. ఎక్స్‌టెన్షన్ పది మీటర్లు మోటారు గదికి బొటాబొటీగా సరిపోయింది, పదిహేను చేయిస్తున్నాను. చీకట్లో సాకెట్లు వెతకడానికి తలకి కట్టుకునే టార్చి ఒకటి కొనాలి. అమ్మ సింహాచలం చందనోత్సవానికి తీసుకెళ్లమంటోంది, అక్కడికైతే మధ్యలో ఎక్కడా ఆగక్కర్లేదు.