నెయ్యి గురించి రాయనంది

"నెయ్యి గురించి నేను రాయనమ్మా. రాస్తే అదేమిటని అందరూ అడుగుతారు, ప్రతిసారీ నేనే వివరించాలి. వంటసోడా, వెనిగర్ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

ఇక్కడ అమెరికాలో ఏడో తరగతి చదివే మా అమ్మాయి మాటలివి. ఇంట్లో జరిగే ఒక భౌతిక మార్పునూ ఒక రసాయనిక మార్పునూ గమనించి రాసుకు రమ్మని సైన్సు టీచరు చెప్పారట. మా ఇంట్లో సోడామీద వెనిగర్ పోసే అవసరం ఎప్పుడూ పడలేదు. ఇంట్లో జరిగేది రాయమన్నప్పుడు జరిగేదే రాయాలని పట్టుబట్టాను. అయితే ఆ గొంతులోని అలసట నాకు తెలియకపోలేదు. బొట్టు ఎందుకు, చేత్తో తినడం ఎందుకు, పేరు ఎలా పలకాలి అన్న ప్రశ్నలకు చిన్న తరగతుల నుంచీ జవాబు చెబుతూనే ఉంది పాపం.

తెలిసీ వదల్లేదు. పదార్థం గురించి పిల్లలకు చెప్పాలంటే నెయ్యి కాచే గిన్నెను మించిన పాఠం లేదని నా గట్టి నమ్మకం. వెన్న ఒక మిశ్రమం. అమెరికాలో అమ్మే వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలని చట్టమే ఉంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే, కాస్త ప్రోటీన్లు, పాలచక్కెర. పొయ్యిమీద పెట్టగానే కరుగుతుంది. ఘనం ద్రవమైంది గానీ కొవ్వు కొవ్వుగానే ఉంది, అంటే ఇది భౌతిక మార్పే. కాసేపటికి చిటపటమంటూ బుడగలు వస్తాయి. బుడగలు వస్తే రసాయనిక మార్పుకు గుర్తని అమ్మాయి నోట్సులో రాసి ఉంది.

"అయితే ఇదే రసాయనిక మార్పు కదా?" అని అడిగింది.

చల్లటి స్టీలు పళ్లెం ఇచ్చి గిన్నెకు పైన, కాస్త ఎత్తులో పట్టుకోమన్నాను. పళ్లెం అడుగున నీటి చుక్కలు పట్టాయి. వెన్నలో ముందునుంచీ ఉన్న నీరే ఆవిరై బయటికి వస్తోంది, కొత్తగా ఏదీ పుట్టలేదు. సోడా, వెనిగర్ కలిపితే వచ్చే బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్, అది అంతకుముందు అక్కడ లేనిది. బుడగను చూసి తీర్పు చెప్పకూడదని, అందులో ఏముందో అడగాలని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క నిమిషం నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

మేముండే డెన్వర్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ నీరు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఎంతసేపటికీ ఉడకనిది అందుకే. గిన్నెలో నీరున్నంతసేపూ వేడి పెద్దగా పైకి పోదు. నీరు అయిపోయాక చప్పుడు సన్నగిల్లి, వేడి గబగబా పెరుగుతుంది, అడుగుకు చేరిన తెల్లటి పలుకులు ఎర్రబడతాయి. ప్రోటీన్లూ చక్కెరా కలిసి కొత్త పదార్థాలుగా మారడం అప్పుడే మొదలవుతుంది, అసలు రసాయనిక మార్పు అదే. నేతి కమ్మదనంలో ఎక్కువ భాగం అక్కడిదే. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ ఈ తరహా చర్యను 1912లో వివరించాడు. తర్వాత వడకట్టడం, చల్లారాక నెయ్యి పూసకట్టడం మళ్ళీ భౌతిక మార్పులే.

అక్కడితో ఆగి ఉండవలసింది. కానీ నోట్సులో ఇంకో వాక్యం కనిపించింది: వెనక్కి తేగలిగితే భౌతిక మార్పు, తేలేకపోతే రసాయనిక మార్పు. మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చే సూత్రమే, అయినా దాన్ని అలా వదిలేయడం నావల్ల కాలేదు. మిక్సీలో గుప్పెడు బియ్యం పిండి చేసి, మళ్ళీ గింజలు చేయగలవా అని అడిగాను. గింజలు రావు, అయినా అది భౌతిక మార్పే. పసుపు మరకపడ్డ తెల్లగుడ్డకు సబ్బు రాయించాను, మరక ఎర్రబడింది. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారింది. అది రసాయనిక మార్పు, ఐనా వెనక్కి వచ్చింది. అమ్మాయి నా చేతిలోని నిమ్మచెక్క లాక్కుని, సబ్బూ నిమ్మరసమూ మార్చి మార్చి వేస్తూ రంగు ఎన్నిసార్లు మారుతుందో చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆమె టీచరుకు ఇచ్చిన కాగితంలో ఉన్నవి రెండే: మంచుముక్క కరగడం, సోడా, వెనిగర్.

పిల్లలకు సైన్సును మన వంటింట్లోంచే చెప్పండని ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు నేను ఎప్పుడూ చెబుతుంటాను. ఇప్పటికీ అదే చెబుతాను. హారతి కర్పూరం డబ్బాలో ఉండగానే ఎలా తరిగిపోతుందో, వెలిగిస్తే అదే ఎలా మండుతుందో చూసిన పిల్లలకు ఉత్పతనమూ (ఘనం నేరుగా ఆవిరైపోవడం) దహనమూ వేరువేరని బట్టీ పట్టించనక్కర్లేదు. కానీ ఆ సాయంత్రం నేను చెప్పింది పూర్తిగా రసాయనశాస్త్రమేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. మన ఇంటి వస్తువులు కూడా బడికి తీసుకెళ్ళదగినవేనని ఆమె చేత అనిపించాలన్న తపన అందులో ఎక్కువే ఉంది. నేనేమో ఆఫీసుకు సలాడ్ పట్టుకెళతాను. ఇంగువ పోపు వేసిన పప్పు డబ్బా నలుగురిలో తెరవను. ఎవరైనా ఏమిటని అడిగితే చెప్పే ఓపిక నాకూ లేదు. నలభై దాటిన నేను తప్పించుకున్న పనిని పన్నెండేళ్ల పిల్ల మోయాలని ఏ ధైర్యంతో అడిగాను?

ఇంకోలా కూడా అనిపిస్తుంది. కాగితంలో రాయకపోయినా, పళ్లెం అడుగున నీటిని చూసింది ఆమే. అది ఆమెకు తెలిసిన విషయమైపోయింది, దాన్ని క్లాసుకు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇలా అనుకున్న రోజు నిశ్చింతగా ఉంటుంది. మరుసటి రోజుకు ఆ నిశ్చింత ఉండదు.

వచ్చే నెల ఆమ్లాలు, క్షారాలు మొదలవుతాయట, ఇంటి నుంచి ఒక సూచిక, అంటే ఆమ్లమో క్షారమో రంగు మారి చూపే పదార్థం, తీసుకెళ్ళాలట. పసుపు సంగతి గుర్తుచేయాలా, తనకే గుర్తొచ్చేదాకా ఆగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.