తడిగుడ్డ కట్టుకుని కొండవీడెక్కిన ఫియట్

పొద్దున ఆరున్నరకల్లా ఆటోనగర్ గేటు దాటాను. లారీ బాడీలు కట్టే షెడ్లలో అప్పటికే వెల్డింగ్ మెరుపులు. మే నెలలో బెజవాడలో బండి పని చేయించుకోవాలంటే తొమ్మిదిలోపే కావాలి. ఆ తర్వాత రేకుల కింద మనిషీ ఇంజనూ ఒక్కలాగే ఉడుకుతాయి.

నాది 1986 ప్రీమియర్ పద్మిని. నాన్న కొన్నది. ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అనలేదు, ఫియట్ అనే అన్నారు. అందులో తప్పేమీ లేదు. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 డి కారునే 1964 నుంచి బొంబాయి కుర్లాలో తయారుచేశారు, పద్మిని అన్న పేరు డెబ్భైల్లో తగిలించారు. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, నలభై హార్స్‌పవర్. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అంటే ఆగాలన్న ఆలోచన కాస్త ముందే రావాలి.

మూడు నెలల కిందట ఇంజన్ విప్పించి, లేత్‌లో బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాను. "వెయ్యి కిలోమీటర్ల దాకా అరవై దాటించొద్దు బాబూ" అని మేస్త్రి ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. ఆ వెయ్యీ గుంటూరులోనే తిప్పాను. బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో నా బండి కనిపించని రోజు లేదు. కూరగాయలకి కూడా కారేంటని మా ఆవిడ విసుక్కునేది. ఇవాళ హెడ్డు టైటు చేసి, ఆయిల్ మార్చి, టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, సరిచేస్తే బండికి సెలవు దొరికినట్టే.

టాపెట్లు పెట్టడం పక్కన కూర్చుని చూడాల్సిన పని. ఇంజన్ చల్లగా ఉండాలి. ఎనిమిది వాల్వులు. ఒక్కోదాని దగ్గరా సందు కొలిచే ఫీలర్ గేజీ రేకు దూర్చి, స్క్రూడ్రైవర్‌తో చిటికెడు తిప్పి, రేకు లాగి చూస్తాడు. మళ్లీ తిప్పుతాడు. నన్నూ ఓసారి లాగి చూడమన్నాడు. "లావుపాటి పుస్తకంలోంచి పదిరూపాయల నోటు లాగినట్టుండాలి బాబూ. పట్టుకోవాలి, బిగుసుకోకూడదు." నాకైతే మొదటి వాల్వుకీ మూడోదానికీ తేడా తెలియలేదు. ఆయన మాత్రం మూడోదాన్ని మళ్లీ విప్పాడు.

పెట్రోలు రబ్బరు పైపులూ, పంపులో డయాఫ్రమూ మార్చేశాడు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలం రబ్బరు దానికి ఉబ్బి, పగిలిపోతుంది. పాత బండి ఉన్నవాళ్లెవరైనా ముందు ఈ పని చేయించుకోండి, పెయింటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎనిమిదింటికి సందు చివర బండేదో రంకె వేసింది. "మీ మేనల్లుడొచ్చాడు" అన్నాడు మేస్త్రి తలెత్తకుండానే.

వాడిది ఫియట్ పాలియో 1.6. 2001లో మన దేశంలోకి వచ్చింది. వంద హార్స్‌పవర్. ఆ రోజుల్లో ఆ సైజు కారులో అంత బలం అంటే మాటలు కాదు. లీటరుకి పది ఇస్తే గొప్ప అని జనం భయపడ్డారు కాబట్టే, ఇవాళ మావాడు దాన్ని లక్షా పాతిక వేలకి కొట్టాడు. కొత్త బుల్లెట్టుకి అంతకంటే ఎక్కువవుతుంది. తక్కువ డబ్బులకి ఎక్కువ బండి కావాలంటే మన దేశంలో దారి ఇదే. లోకం మైలేజీ లెక్కలు వేసి వద్దనుకున్నదాన్ని వెతుక్కోవడం.

అలాయ్ వీల్సు, వెడల్పు టైర్లు, ఫ్రీఫ్లో సైలెన్సర్ వేయించాడు. టైర్లు ఒప్పుకుంటాను. సైలెన్సర్ మాత్రం నాకు నచ్చలేదు. బండి వేగం పెరిగిందో లేదో గానీ వీధిలో శత్రువులు పెరిగారు. అసలు వీడు మొన్నటిదాకా మారుతీ జెన్‌లో వాళ్లదే పెద్దకారు ఎస్టీమ్ 1.3 ఇంజన్ వేయిద్దామని మేస్త్రి చుట్టూ తిరిగాడు. రెండూ సుజుకీ జి వరసవే కాబట్టి కుదురుతుంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. ఆర్సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. "ఒకప్పుడు అంబాసిడర్లకి మెటాడోర్ డీజిల్ ఇంజన్లు వేసేవాళ్లం, అడిగినోడు లేడు" అని మేస్త్రి నిట్టూర్చాడు.

మా ఫియట్ కాగితాల బాధ వేరు. 'వింటేజ్' నంబరు ప్లేటు కావాలంటే యాభై ఏళ్లు నిండాలి, అంటే 2036 దాకా ఆగాలి. అందాకా ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

తొమ్మిదింటికి బయల్దేరాం. బెంజిసర్కిల్, వారధి, తాడేపల్లి, మంగళగిరి. కృష్ణ మీద గాలి లోపలికి కొడుతుంటే మొదటిసారి డెబ్భై దాటించాను. ఎనభై దగ్గర స్టీరింగ్ చేతిలో సన్నగా వణికింది. పాలియో అప్పటికే కనుచూపు మేరలో లేదు. కాజ టోల్‌గేటు దగ్గర ఆగి టీ తాగుతున్నాడు వెధవ. గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు కొంతదూరం పోయి, కొండవీడు దారి పట్టేసరికి పదకొండు.

రెడ్డిరాజుల కోట ఇప్పుడు ఘాట్ రోడ్డెక్కి చూడొచ్చు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో గెలిచిన కొండ అది. నేను మూడో మలుపు దగ్గరే ఓడిపోయాను. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగింది.

సంగతి తెలిసిందే. పద్మినికి పెట్రోలు పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది. ఎండలో, ఎక్కుడులో ఆ వేడికి పంపులో పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పంపు ఆ ఆవిరినే నములుతూ కూర్చుంటుంది, కార్బురేటర్‌కి చుక్క రాదు. నాన్న డిక్కీలో ఎప్పుడూ ఒక పాత పంచె ముక్కా, నీళ్ల సీసా ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. గుడ్డ తడిపి పంపుకి చుట్టి, రాతిగోడ నీడన కూర్చున్నాం.

"ఇదేంటి మావయ్యా, జ్వరమొచ్చినోడికి వేసినట్టు" అన్నాడు మావాడు.

"జ్వరమేరా."

పావుగంటకి దిగింది. మిగతా కొండ వాణ్నే నడపమన్నాను. అక్కడ తెలిసింది వాడికి. ఫస్టు గేరుకి సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు, లేదు, కదులుతున్న బండిలో ఊరికే పడదు. క్లచ్ నొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఒక్క రేజు, మళ్లీ క్లచ్ నొక్కి గేరు. మొదటి మలుపులో గేర్లు కరకరమన్నాయి. రెండో మలుపులోనూ అంతే, నా పళ్లు జివ్వుమన్నాయి. ఆ పైన వచ్చినదాంట్లో మాత్రం వెన్నలో వేలు దిగినట్టు పడింది. స్పీడు ఇరవై కూడా లేదు. వాడి నుదుటి మీద చెమట, నోట మాట లేదు.

పైన ముత్యాలమ్మ చెరువు గట్టున పులిహోర పొట్లాలు విప్పాం. కోట గురించి నేను నాలుగు ముక్కలు చెప్పబోయాను గానీ వాడి చూపు కారు మీదే ఉంది.

దిగేటప్పుడు తాళం ఇవ్వలేదు. "మీరు నాది తీసుకురండి మావయ్యా" అన్నాడు. సెకండు గేరులోనే దించు, బ్రేకు మీద నిలబడకు, డ్రమ్ములు వేడెక్కితే పట్టవు అని రెండుసార్లు చెప్పి పాలియో ఎక్కాను. నిజం చెప్పొద్దూ, ఆ వంద హార్స్‌పవర్ బాగానే ఉంది. హైవే మీద ఒక్కసారి గట్టిగా తొక్కి, ఎవరైనా చూశారేమోనని అద్దంలో చూసుకున్నాను.

తర్వాత వేగం తగ్గించి ఫియట్ వెనక చేరాను. దారిలో చీకటి పడింది. ఎడమ టెయిల్‌ల్యాంపు వెలగడం లేదు. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో! ఆ బండి నా చేతికొచ్చాక దాని వెనక నేనెప్పుడూ ప్రయాణం చేసినవాణ్ని కాదు మరి. చుట్టుగుంట సిగ్నల్ దగ్గర మేస్త్రికి ఫోన్ చేశాను.

"ఎర్త్ అందట్లేదు బాబూ, ఓసారి తట్టి చూడండి."

మావాడు దిగి అరచేత్తో తట్టాడు. వెలిగింది.