మా పల్లీలకు 7 వచ్చింది, 41 కూడా వచ్చింది

మాది హనుమకొండ. ఇంటి వెనక రేకుల షెడ్డులో పల్లిపట్టీలు చేసి చుట్టుపక్కల కిరాణా దుకాణాలకు వేస్తుంటాం. పోయినేడు హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణం వాళ్లు సరుకు అడిగారు. కాకపోతే పల్లీలకు అఫ్లాటాక్సిన్ రిపోర్టు పెట్టాలన్నారు. బూజు వదిలే విషమట. చెడ్డ పల్లీ నోట్లో పడితే చేదు తెలియదా, దానికి ల్యాబు దాకా ఎందుకు అని నవ్వుకున్నాను.

మిల్లు నుంచి తెచ్చిన పలుకు, అంటే కాయ కొట్టి తీసిన గింజ, పది బస్తాలున్నాయి. ముందున్న బస్తా మూతి విప్పి, నిగనిగలాడే గింజలు చూసి ఒక కిలో కవర్లో పోసి పంపించాను. చుట్టాలొస్తే అటక మీది మంచి పళ్లాలు దింపినట్టు. 7 పీపీబీ వచ్చింది. పీపీబీ అంటే కిలో సరుకులో ఎన్ని మైక్రోగ్రాములని లెక్క. మన చట్టం ప్రకారం ఇంకా వండి, వేయించి వాడే గింజలకు 15, నేరుగా తినేవాటికి 10 దాటొద్దు. పాసైనట్టే కదా! సరుకు ఎక్కించాం.

వారానికి ఫోనొచ్చింది. వాళ్లు చేయిస్తే 41 వచ్చిందట. డబ్బాలన్నీ వెనక్కొచ్చాయి, పోను రాను లారీ కిరాయి నా నెత్తిన పడింది.

రిపోర్టు పట్టుకుని ల్యాబు మీదికి పోట్లాటకు పోయాను. అక్కడి పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, రెండు రిపోర్టులూ నిజమే కావొచ్చు" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాడు. కిలోకు రెండు వేల గింజలు తూగుతాయనుకుందాం. అందులో ఒక్క గింజలో 80 వేల పీపీబీ ఉన్నా, కిలో మొత్తం 40కి పోతుంది. "ఆ గింజ మీ కవర్లో పడలేదు, వాళ్ల కవర్లో పడింది. అంతే." యూరప్ వాళ్లు పెద్ద లోడు వస్తే వంద చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 20 కిలోలు చేస్తారట. అక్కడ నేరుగా తినే పల్లీలకు హద్దు 4. నా కోపం అక్కడే సగం దిగిపోయింది.

మిగతా సగం మిల్లు దగ్గర దిగింది. కాయ కొట్టే ముందు నీళ్లు చల్లుతున్నారు! తడిస్తే గింజ విరగదు, నిండు పలుకుకు ధర ఎక్కువ. ఆ తడి గింజనే బస్తాకెత్తి కుట్టేస్తారు. తేమ 7 శాతం దాటొద్దంటారు. మా బస్తాలో మీటరు గుచ్చితే 10 చూపించింది. బూజుకు ఇంకేం కావాలి?

అప్పటి నుంచి మిల్లు పలుకు మానేశాం. ఎనుమాముల మార్కెట్‌లో పచ్చి పల్లికాయకు ఒక ధర, సూక, అంటే ఎండిన పల్లికాయకు ఒక ధర. యాసంగి పంట దిగినప్పుడు సూకవే చూసి కొంటున్నాం. అయినా నమ్మకుండా తాటిపత్రి మీద పల్చగా పోసి మళ్లీ ఎండబెడతాం. చెవి దగ్గర ఊపితే కాయలో గింజ గలగలమనాలి. నీళ్లు చల్లకుండా కొట్టిస్తే బద్దలు ఎక్కువే వస్తాయి, కానీ పట్టీలోకి బద్దలైతే ఏం, నిండు గింజలైతే ఏం.

తర్వాత ఏరుడు. తెల్ల గుడ్డ మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుంటారు. ముడతలు పడ్డవి, మొలకొచ్చినవి, పురుగు తొలిచినవి, పొట్టు నల్లబడ్డవి పక్కకు తీస్తారు. వేయించి పొట్టు తీశాక మళ్లీ ఒకసారి. అప్పుడు లోపలి నలుపు బయటపడుతుంది. వేయిస్తే పోదా అని నేనూ అడిగాను. బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు.

ఇప్పుడు నమూనా కూడా ప్రతి బస్తా పైన, నడుమ, అడుగు నుంచి తీస్తాం. పది కిలోలు కలిపి, అంతా పొడి చేసి, అందులోంచి కిలో పంపిస్తాం. ఆ పది కిలోలు పోయినట్టే అని మా ఆయన గొణుగుతాడు. మొదటిసారి 3 వచ్చింది, తర్వాత 5. ఒకసారి 12 వస్తే, నేరుగా తినే పట్టీకి హద్దు 10 కదా అని ఆ బస్తాలు వాడలేదు, అదో పెద్ద దెబ్బ.

ఇక ఏరేసిన గింజలు. యాభై కిలోలకు రెండున్నర కిలోల దాకా పోగవుతాయి. నూనె గానుగ ఆయన వాసన పట్టినట్టు బండేసుకుని వచ్చాడు. "పారేసేటివే కదమ్మా, సగం ధర ఇస్త." నాకూ ఆశ పుట్టింది. కానీ విషం ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుందని, బర్రె ఆ చెక్క తింటే పాలలో ఇంకో రూపంలో వస్తుందని, పాలకు హద్దు 0.5 మాత్రమేనని ఆ పెద్దాయన చెప్పింది గుర్తొచ్చింది. అత్తమ్మకు చెప్పాను. ఆమె గానుగాయన వైపు చూసి, "మా ఇంటికి పాలు పోసే బర్రె ఎవరి చెక్క తింటదో నీకెరుకనా?" అంది.

షెడ్డు వెనక గుంత తవ్వించాం. గానుగాయన మాత్రం నెలకోసారి వచ్చి, గేటు దగ్గర నిలబడి అడిగిపోతూనే ఉన్నాడు.