అమ్మ ఒంటరిగా డాలస్ వచ్చిన దారి, ఆ గంటల లెక్క

నాన్న పోయాక అమ్మ మొదటిసారి ఒంటరిగా మా దగ్గరికి, ఖమ్మం నుంచి డాలస్‌కి రావాల్సి వచ్చింది. ఇంగ్లీషు రాదు, షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు. అందుకే టికెట్లు వెతికేటప్పుడు ధర తర్వాత, ముందు ఎన్ని గంటలు, ఎక్కడ ఆగాలి అన్నదే చూశాను.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా విమానం లేదు. రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. మా అమ్మాయి గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే అది దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది! దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550, తర్వాత 12,900, మొత్తం 15,450 కిలోమీటర్లు. చుట్టు తిరిగేది వెయ్యి కిలోమీటర్లే, గాల్లో గంటకు కాస్త ఎక్కువ. మిగతా సమయమంతా మధ్యలో ఆగే చోటే పోతుంది.

అమెరికాలో ఇంకో ఊళ్లో మారే టికెట్లు చవగ్గా కనిపించాయి. కానీ అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. అమ్మతో ఆ పని చేయించడం నాకిష్టం లేదు. దుబాయ్‌లో ఎక్కితే నేరుగా డాలస్‌లోనే దిగుతుంది, ఒకే టికెట్ కాబట్టి పెట్టెలు కూడా అక్కడికే వస్తాయి. దుబాయ్‌లో రెండు గంటలే ఆగే విమానం వదిలేసి, మూడున్నర గంటలు ఆగేది తీశాను. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడిగి పెట్టించాను.

"తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం ఐదింటికి దిగుతానా? పదమూడు గంటలేగా!" అంది అమ్మ. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే ఇరవై మూడున్నర: దుబాయ్‌కి నాలుగు, అక్కడ మూడున్నర, ఆపైన పదహారు.

టెన్షన్ అంతా మాత్రల గురించే. ఖమ్మంలో డాక్టరుగారిని అడిగి, ఇండియా టైము ప్రకారమే వేసుకునేలా తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం రాసి పంపాను:

"వాచీ మార్చకమ్మా. పొద్దున ఎనిమిదికి దుబాయ్‌లో టిఫిన్, మాత్ర. రాత్రి ఎనిమిదికి విమానంలో భోజనం, మాత్ర. అన్నం పెట్టకపోతే ఈ కాగితం చూపించు."

కింద అదే విషయం ఇంగ్లీషులో రాశాను. రాత్రి మాత్ర టైముకి భోజనం రాలేదట. కాగితం చూపిస్తే ఎయిర్‌హోస్టెస్ వెంటనే తెచ్చి పెట్టిందట. ఆ అమ్మాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఖమ్మంలో రాత్రి ఎనిమిదికి కారెక్కిన అమ్మ మా ఇంట్లో అడుగుపెట్టేసరికి 34 గంటలు. టికెట్‌లో కనిపించేది ఇరవై మూడున్నరే. పెద్దవాళ్లని పిలిపించేవాళ్లు ఇంటి నుంచి ఇంటికి లెక్కేసుకోండి. తిరుగు టికెట్ కూడా దుబాయ్ మీదుగానే తీశాను. అటు వెళ్లేటప్పుడు పైనున్న పడమటి గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి కాబట్టి డాలస్–దుబాయ్ ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది.