పెదవి కింద గాడి కోసం తొమ్మిది నెలల తిరుగుడు

షేవింగ్ చేసుకున్నాక నా ముఖంలో ఒక్క చోట ఎప్పుడూ నాలుగు వెంట్రుకలు మిగిలేవి. కింది పెదవికీ గడ్డానికీ మధ్య అడ్డంగా ఉన్న గాడిలో. గడ్డం అంటే మనకు వెంట్రుకలూ అవే, ఎముకా అదే. నా బాధ సరిగ్గా ఆ రెండూ కలిసే చోట. చిక్కడపల్లిలో నేను వెళ్ళే సెలూన్ అతను బొటనవేలితో అక్కడి చర్మాన్ని కిందికి లాగిపట్టి, "సార్, గీ గీత రోజురోజుకు లోతైతుంది, రేజర్ పోతలేదు" అన్నాడు. నలభై ఏడేళ్ళ మనిషికి ఆ మాట అద్దం ముందు కూర్చున్నప్పుడు చెప్పకూడదు.

ఆ తర్వాత ఎక్కడ చూసినా అదే కనిపించింది. వీడియో మీటింగ్‌లో పై నుంచి వెలుతురు పడితే పెదవి కింద ఇంకో నల్లటి మూతి, అదీ బోర్లించినట్టు. మాట్లాడకుండా వింటున్నా సరే, "సార్ సీరియస్‌గా ఉన్నారు" అనేవారు. మా నాన్నకూ అక్కడ గాడి ఉండేది. అయితే ఆయనకు అరవై దాటాక, పళ్ళు ఊడాక వచ్చింది. ఈ సంగతి అప్పుడే ఆలోచించి ఉంటే సగం తిరుగుడు తప్పేది.

జూన్‌లో జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌కి వెళ్ళాను. లోపల సెంటు వాసన, చల్లటి ఏసీ. డాక్టరుకన్నా ముందు కౌన్సెలర్ అని ఒకమ్మాయి కూర్చోబెట్టి నా ఫోటో తీసింది. "చిన్ కొంచెం వెనక్కి ఉంది సార్. రెండు ఎంఎల్ ఫిల్లర్‌తో ముందుకు తెస్తే క్రీజ్ కూడా పోతుంది" అంది. ఫిల్లర్ అంటే చర్మం కింద సూదితో ఎక్కించే జెల్. ఒక ఎంఎల్ ఇరవై ఎనిమిది వేలు. నేను అకౌంట్స్ మనిషిని, జీఎస్టీ ఎంత అని అడిగాను. పద్దెనిమిది శాతం. మొత్తం 66,080. జబ్బుకు చేసే వైద్యానికి ఆ పన్ను లేదు, అందం కోసం చేయించుకుంటే ఉంది. ఇన్సూరెన్స్ సంగతి అడగనే అక్కర్లేదు. ఈరోజే కడితే పది శాతం తగ్గిస్తామన్నారు. డాక్టరు రెండు నిమిషాలు కనిపించి, గడ్డాన్ని వేలితో నొక్కి, "చేసేద్దాం" అని వెళ్ళిపోయారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను. చీర కొనడానికి వెళ్ళినా ఇంతకంటే ఎక్కువసేపు చూపిస్తారు.

ఇంటికొచ్చి చదివితే ఒక తేడా తెలిసింది. జువెడెర్మ్ వోల్యూమా అనే ఫిల్లర్‌కి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది గడ్డాన్ని ముందుకు తేవడానికి. గాడిని పూడ్చడం వేరే పని. మరి నా విషయంలో ఒకటి చేస్తే రెండోది ఎలా పోతుంది? ఈ ప్రశ్న పట్టుకుని హిమాయత్‌నగర్‌లో ఒక పెద్దావిడ డెర్మటాలజిస్టు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ మొదట నన్ను ఏమీ చేయనివ్వలేదు, ఊరికే మాట్లాడమన్నారు. తర్వాత పెదవులు మూయమన్నారు. మూస్తుంటే గడ్డం మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది. "అక్కడ మెంటాలిస్ అనే కండరం ఉంటుంది. కింది పెదవిని పైకి తోసేది అదే. మీరు మూతి మూసిన ప్రతిసారీ దాన్ని బిగిస్తున్నారు" అన్నారు. ఆ తర్వాత వెనక పళ్ళ మధ్య రెండు చెక్కపుల్లలు పెట్టి, పెదవులు మూసి అద్దం చూసుకోమన్నారు.

గాడి సగం తగ్గిపోయింది! మందు లేదు, సూది లేదు, ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి రెండు చెక్కలు. నేను వాటిని తీసి, మళ్ళీ పెట్టి, మూడుసార్లు చూసుకున్నాను. ఆవిడ నవ్వి, "మీకు కింద దవడ పళ్ళు ఎన్ని లేవు?" అని అడిగారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. పీకించి ఏళ్ళయింది, పై నుంచి ఎవరికీ కనబడవు కదా అని వదిలేశాను. ఉన్నవి కూడా రాత్రిళ్ళు కొరికి అరగదీసుకున్నాను. పళ్ళ ఎత్తు తగ్గితే ముక్కు నుంచి గడ్డం దాకా ముఖం పొట్టిదవుతుంది. కింది పెదవి బయటికి మడత పడుతుంది, ఆ మడతే గాడి. "ఇలాంటి ముఖంలో గడ్డాన్ని ముందుకు తెస్తే గాడి ఇంకా లోతుగా కనబడుతుంది. గుంట పక్కన మట్టి పోసినట్టే. సిలికాన్ ఇంప్లాంట్ పెట్టినా అంతే. ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోండి" అన్నారు. ఫీజు ఎనిమిది వందలు. ఈ తిరుగుడంతటిలో నాకు బాగా గిట్టుబాటైన ఖర్చు అదే.

పళ్ళ డాక్టరు పక్కనుంచి తల ఎక్స్‌రే తీసి కొలతలు వేశారు. పై పళ్ళు కింది పళ్ళను మరీ ఎక్కువగా కప్పేస్తున్నాయి, డీప్ బైట్ అన్నారు. క్లిప్పులు పెడితే ఏడాదిన్నర, రెండేళ్ళు. గడ్డం ఎముకను కోసి కొంచెం కిందికి దించి ప్లేట్లు బిగించే సర్జరీ కూడా ఉందట. అలా పొడుగు చేస్తే గాడి విప్పుకుంటుంది గానీ, పక్కనుంచే పోయే నరం వల్ల కింది పెదవికి తిమ్మిరి రావచ్చు, కొందరికి అది మిగిలిపోవచ్చు. ఆ మాటతో నాకు సర్జరీ మీద ఆశ అక్కడే తీరిపోయింది. చివరికి ఊడినవి కట్టించుకుని, అరిగిన పళ్ళకు క్రౌన్లతో, అంటే తొడుగులతో, ఎత్తు పెంచుదామని అనుకున్నాం. అయితే ఒకేసారి కాదు. దవడ ఆ కొత్త ఎత్తుకు అలవాటు పడుతుందో లేదో చూడటానికి ముందు పళ్ళ మీద తీసి పెట్టుకునే ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు.

ఆ రెండు నెలలు ఎలా గడిచాయో మా ఆఫీసును అడగాలి. 'స' అంటే 'ష' అయ్యేది. "షార్, షంతకం కావాలి" అని ఎండీ గారితో అన్నాను. ఆయన నా వాసన చూడబోయినంత పని చేశారు. మొదటి వారం దవడ నొప్పి, తర్వాత సర్దుకుంది. అద్దంలో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తోంది.

అక్టోబరులో మళ్ళీ హిమాయత్‌నగర్ వెళ్ళాను. ఆ మెంటాలిస్ కండరానికి ఆరు యూనిట్ల బోటాక్స్, అంటే కండరాన్ని కొన్నాళ్ళు సడలించే మందు, వేశారు. బోటాక్స్‌కి 2002లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది కనుబొమల మధ్య గీతలకు, గడ్డానికి కాదు, డాక్టర్లు తమ అనుభవంతో వాడుతున్నారని ఆవిడే ముందుగా చెప్పి సంతకం తీసుకున్నారు. సీసాను ఫ్రిజ్ నుంచి తీసి నా ముందే తెరిచారు. జీఎస్టీతో 2,832. నాలుగో రోజుకు నారింజ తొక్క పోయింది. రెండో వారానికి పెదవి కింద కొంచెం వదులు. ఆ వదులు ఎంతంటే, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇరానీ చాయ్ తాగుతుంటే ఎడమవైపు నుంచి చొక్కా మీద కారింది. మా ఆవిడ జేబులోంచి రుమాలు తీసి ఇచ్చి, "ఏవండీ, ఇందుకేనా డబ్బులు కట్టింది?" అంది. మందు పక్క కండరాలకు పాకితే నవ్వు కూడా వంకర పోవచ్చని డాక్టరు చెప్పారు గానీ, చాయ్ సంగతి నేనే కనిపెట్టాను. మూడు వారాల్లో అది తగ్గింది.

నవంబరులో గాడిలో అడుగున మిగిలిన గీతకు హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్, అర ఎంఎల్ సిరంజి. 18,880. గడ్డం ముందుభాగాన్ని ముట్టుకోలేదు. వేయించుకునే ముందు నేను అడిగింది ఒక్కటే, హైలురోనిడేజ్ మీ దగ్గర ఉందా అని. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే దాన్ని కరిగించే మందు అది. చూపించారు. చర్మం తెల్లబడినా, నీలంగా మచ్చలు పడినా, నొప్పి పెరుగుతున్నా అర్ధరాత్రైనా ఫోన్ చేయాలన్నారు. నాకు నాలుగు రోజులు కమిలింది, అంతే. పూర్తిగా పూడ్చమని అడిగితే ఒప్పుకోలేదు. కొంత గాడి లేకపోతే పెదవీ గడ్డం కలిసిపోయి ముఖం ముద్దలా ఉంటుందట.

ఇప్పుడు మార్చి. కింద లేని పళ్ళ చోట రెండు ఇంప్లాంట్లు దిగాయి, క్రౌన్లు వాయిదాల మీద నడుస్తున్నాయి, రాత్రిళ్ళు స్ప్లింట్ ఉంది. బోటాక్స్ మూడు నెలలకే దిగిపోయింది. చాయ్ గుర్తొచ్చి మళ్ళీ వేయించుకోలేదు. మొన్న డాక్టరమ్మ పాత ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి చూశారు. ఇంకో అర ఎంఎల్ వేద్దామా అని అడిగితే, "ఉన్నది ఇంకా కరగలేదు, క్రౌన్లు అయ్యాక రండి" అన్నారు. ఆ 18,880ని అక్కడికక్కడే క్రౌన్ల ఖాతాలో రాసుకున్నాను.